మేం ఏ దేశం?

టంగుటూరు రైలు గేటు అవతల
పదేళ్లుగా పొయ్యి రాజెయ్యని బ్యారన్‌కి
పొద్దున్నే సున్నం కొట్టించారు.
సాయంత్రానికి ఆ సున్నం మీదే
మసి పూయించారు.
సినిమావోళ్ల లెక్కలు మనకేం తెలుసు అన్నా.
సినిమా కాదు పిన్నీ, సీరియలు
అంది రాహేలు.

మా సువార్తమ్మ కూతురు.
కౌలాలంపూర్లో టీవీవోళ్లకి రేచల్ అంట.
ఒకప్పుడు కంపెనీ షెడ్డులో నా పక్కన
గోనెపట్టా మీద కూచోని ఆకు ఏరిన పిల్ల.
చూపన్నా తప్పుద్దేమో గానీ
బొటనేలు తప్పదు దానికి.
ఈనె కాడ పచ్చ, అంచున మచ్చ,
నిమ్మపండు రంగుది ఈ పక్క, నారింజది ఆ పక్క.
మేస్త్రీ అందరి కట్టలూ విప్పించి మళ్లీ కట్టించేవాడు,
దాని కట్ట తప్ప.

హైదరాబాదులో మొదట దాని పనేందంటే
ఏడుస్తున్న కోడలి కొంగు
నిన్న ఏ భుజం మీదుందో గుర్తు పెట్టుకోవడం.
నవ్వాం మేం. దానిక్కూడా జీతమిస్తారా అని.
ఇచ్చారు, మూడు నెలలకోసారి.
ఎవరో డైరెక్టరు జొరమొచ్చి పడుకుంటే
ఒక్కరోజుకని ఆ కుర్చీలో కూచుంది.
ఆ కుర్చీ సముద్రం దాటింది.
పద్నాలుగేళ్లయినా ఇది దిగలేదు.

పదకొండొందల ఎపిసోళ్లు.
వాళ్ల భాషలో మూడొందల మాటలొచ్చంట.
చాలు పిన్నీ,
అత్తలు ఏ దేశంలోనైనా
తలుపు చాటునే నిలబడి వింటారు.

ఇప్పుడీ బ్యారను రబ్బరుతోట పొగగది.
అక్కడివి పడగొట్టి దుకాణాలు కట్టారంట.
నిర్మాత వేరే చోటేదో చూపిస్తే
ఇదే కావాలంది,
చవకని చెప్పి ఒప్పించింది.
వెదురు కర్రల మీద ఆరేసినవి రబ్బరు షీట్లంట.
గంజి పెట్టిన పాత దుప్పట్లు, నేనే ఉతికా.
మాకు పూల లుంగీలు చుట్టి
తలలకి గుడ్డలు కట్టారు.
మస్తాన్‌బీ నన్ను కిందికీ పైకీ చూసింది,
ఇప్పుడు మనం ఏ దేశం అక్కా?
రోజుకి ఎనిమిదొందలిచ్చే దేశం, అన్నా.

గొడుగు కింద చిన్న టీవీ ముందు రాహేలు.
తోట మూసేస్తున్నారు, మీరు దొరని నిలదీయాల.
ఏమని?
ఏదైనా సరే. ఒకట్లు చదివినా సరే.
పెదాలు కదిలితే చాలు,
మాటలు అక్కడ వేరేవాళ్లు పెడతారు.

ఒకటి, రెండు, మూడు అన్నా.
నాలుగు కాడ ఏమైందో,
దొర వేషమేసిన పిలగాడి మొహంలో
పాత మేస్త్రీ కనపడ్డాడు.
జాకెట్లలో ఆకుందేమోనని
గేటు కాడ మమ్మల్ని తడిమించినోడు.
పదమూడేళ్ల పిల్లని వానలో నిలబెట్టి
జడ విప్పించినోడు.
ఆ రోజు గొంతు కాడ ఆగిపోయినవన్నీ,
బూతులతో సహా,
పేరు పెట్టి, ఇంటి పేరు పెట్టి తిట్టా.

కెమెరావోళ్లంతా ఆ దేశమోళ్లే.
బ్రహ్మాండమన్నట్టు తలలూపారు.
దొర పిలగాడు కూడా, పాపం, నవ్వాడు.
మా ఆడోళ్లే
చేతుల్లో దుప్పట్లు అట్టాగే పట్టుకోని నిలబడ్డారు.

రాహేలు కట్ చెప్పలా.
ఊపిరందక నేనే ఆగా.
అప్పుడు, చానాసేపటికి,
గొడుగు కిందనించి
ఇంకోసారి, అంది.
తప్పేమన్నా చేశానా?
లేదు. ఇంకోసారి.

ఈసారి కొంచెం పొడుగ్గానే తిట్టా.
మేస్త్రీ తమ్ముడు కూడా గుర్తొచ్చాడు.

వచ్చే ఏడు ఆ దేశంలో ఎవరో ఆడమనిషి
చీకటి గదిలో మైకు ముందు నిలబడి
నా మూతికి తన మాటలు అతికిద్ది.
మర్యాదగానే ఉంటాయనుకుంటా.

పేకప్ అన్నాక దుప్పట్లు దించుతున్నాం.
రాహేలు వొచ్చింది. వాన సంగతి ఎత్తలా.
ఒక దుప్పటి అంచు
బొటనేలితో రాసి చూసి
విడిగా పెట్టింది.
ఏందే అంటే,
మసి ఎక్కువైంది పిన్నీ,
రేపు దీన్ని వెనక వరసలో వెయ్యండి.